నాయనకు షుగర్, కిడ్నీ జన్యువుల గురించి తెలిసినవాళ్లు చెప్తారా?

మాది అనంతపురం పక్క పల్లె. నాయనకు షుగర్ వచ్చి 14 ఏళ్లు. పోయిన నెల మూత్ర పరీక్షలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పే లెక్క) 180 వచ్చింది. 30 లోపల ఉండాలంట. మా జేజి కూడా షుగర్‌తో కిడ్నీలు చెడిపోయే చనిపోయింది. పెదనాయనకేమో 20 ఏళ్లుగా షుగర్ ఉన్నా కిడ్నీలు బాగున్నాయి. ఒకే ఇంట్లో ఇంత తేడా ఎందుకో అర్థం కాక రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

చక్కెర ఎక్కువైతే కిడ్నీలో టీజీఎఫ్-బీటా అనే, మచ్చ కట్టించే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు చురుకుదనం పెరిగి, వడపోత భాగం మచ్చకట్టి గట్టిపడుతుందని చదివినా. ఆ చురుకుదనం రక్తంలోనో మూత్రంలోనో తెలుస్తుందా, లేక కిడ్నీ ముక్క తీసి చూడాల్సిందేనా? షుగర్ అదుపులో పెడితే తగ్గుతుందా? నాకు 36, ఇంకా షుగర్ లేదు. నేను ఇప్పటినుంచే ఏ పరీక్షలు చేయించుకోవాల? దయచేసి చెప్పండన్నా, అక్కా.