చర్చ: ఉండవల్లి, భవానీ ద్వీపం, కొండపల్లి కరపత్రం డిజైన్

కృష్ణలంక కుర్రాడు: విజయవాడ చుట్టూ చూడాల్సిన ఈ మూడు చోట్లూ కలిపి ఏ4లో మూడు మడతల కరపత్రం చేస్తున్నాను. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లీషు. ఫాంట్ ఏది, కాగితం ఎంత మందం, మ్యాప్ ఎంత పెద్దగా? చేసినవాళ్లు చెప్పండి.

బెజవాడ డీటీపీ: ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లను మూడు సమాన భాగాలు చేయకు. లోపలికి మడిచే భాగం 97, మిగతావి వందేసి. లేకపోతే మడత దగ్గర ఉబ్బుతుంది, తిట్లు ప్రెస్‌వాళ్లకు. ఫాంట్ అంటే మన పాత డీటీపీ ఫాంట్ అనూయే, ఇంకో ఆలోచన వద్దు.

మంగళగిరి లిపి: ఇంకా అనూ ఏంటండీ! రేపు అదే మేటర్ వెబ్‌సైట్‌లో పెట్టాలంటే కన్వర్టర్, ఆపైన తప్పులు దిద్దుకోవడం. వెబ్‌లోనైనా ఫోన్‌లోనైనా నేరుగా కనబడే యూనికోడ్‌లో మండలి, రామభద్ర ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

బెజవాడ డీటీపీ: మేం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ యూనికోడ్ తీసుకోదు తమ్ముడూ. మీరు మౌస్ పట్టకముందు నుంచి ప్రెస్‌కు అచ్చు ప్లేట్లు (రంగుకో రేకు) తీయిస్తున్నాను.

మంగళగిరి లిపి: పేజ్‌మేకర్ 2001 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది గురువుగారూ. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో మన లిపులను సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టి చూడండి, ఒత్తులు ఎక్కడివక్కడ పడతాయి.

గుహల గైడ్: ఫాంట్ ఏదైనా లైన్ల మధ్య జాగా ఇవ్వండి బాబూ. ఇంగ్లీషుకు పెట్టిన లీడింగే (ఆ జాగానే) తెలుగుకూ పెడితే పై లైను ఒత్తులు కింది లైను గుడి, గుడిదీర్ఘాల మీద పడతాయి. మా యాత్రికులు అడిగేది ఉండవల్లి గుహ ఏ శతాబ్దానిదని కాదు, లోపల పడుకున్న విష్ణుమూర్తి దాకా అమ్మమ్మ మెట్లెక్కగలదా అని. అది ఏ కరపత్రంలోనూ ఉండదు!

పటమట పద్మ: గుహ ఫొటో మీద సన్నటి తెల్ల అక్షరాలు వేస్తారు, నా కళ్లజోడుకు ఒక్క ముక్కా అందదు.

బెజవాడ డీటీపీ: అది నిజం అమ్మా. అక్కడ నాలుగు రంగుల ప్లేట్లు కలవాలి, వెంట్రుకవాసి జరిగినా సన్నగీత పూడిపోతుంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం, అదీ నలుపు ప్లేటు ఒక్కదాంట్లోనే ఉండాలి. ఈ కాలం పిల్లలకు చెబితే కోపం.

మంగళగిరి లిపి: ప్లేట్ల సంగతి నాకూ తెలుసు. మాట మార్చకండి.

గుంటూరు మిర్చి: బెజవాడవాళ్ల కరపత్రాల్లో గుంటూరు ఊసే ఉండదు. రెడ్డిరాజుల రాజధాని కొండవీడు కనబడదా?

గుహల గైడ్: ఉండవల్లి మీవైపే కదండీ, బెజవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటితే వచ్చేది! మ్యాప్‌లో ఆ బ్యారేజీని గీయండి ముందు. ద్వీపం బొమ్మ వేస్తారు, పడవ ఎక్కే చోటు మాత్రం వేయరు. టికెట్ రేట్లు అచ్చు వేయొద్దు. వరదొస్తే పడవలే ఆగిపోతాయి.

గుంటూరు మిర్చి: కొండవీడు సంగతి ఎవరూ చెప్పలేదు.

కృష్ణలంక కుర్రాడు: లీడింగ్ పెంచాను, మెట్ల సంగతి చేర్చాను. కాగితం 130 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) సరిపోతుందా?