నెలసరి ఆగాక పాపిట వెడల్పవుతోంది, హార్మోన్లేనా?

ప్రశ్న (గుంటూరు): అమ్మకు 54, నెలసరి ఆగి మూడేళ్లు. నుదుటి అంచు బాగానే ఉంది, నడినెత్తినే మాడు కనిపిస్తోంది. బయోటిన్ (జుట్టుకని వాడే బి విటమిన్) చాలా అండీ?

జవాబు: చాలదండీ. ఈస్ట్రోజెన్ (స్త్రీ హార్మోన్) తగ్గాక ఆండ్రోజెన్లది (మగ హార్మోన్లది) పైచేయి అవుతుంది. వాటిలో ఒకటైన డీహెచ్‌టీ కుదుళ్లను కుదించి వెంట్రుకను నూగులా చేస్తుంది. ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూపించండి. బయోటిన్ మానేసిన మూడు రోజులకు పరీక్షకు రక్తమివ్వండి, లేదంటే థైరాయిడ్ రిపోర్టు తప్పొస్తుంది.

జవాబు (విజయవాడ): డాక్టరు 2 శాతం మినాక్సిడిల్ (జుట్టు పెరగడానికి మాడుకు పూసే మందు) రాస్తే 1 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు, పాపిట తీసి పొడి మాడుకే. జుట్టుకు పూస్తే దండగ. మందు తడి దిండుకు అంటి మొహానికి తగిలితే బుగ్గల మీద నూగు మొలుస్తుంది. పడుకోబోయే ముందు రెండు గంటలు ఆరనివ్వండి. మొదటి నెలన్నర ఇంకా రాలొచ్చు, మానేయొద్దు. తేడా తెలియడానికి 4–6 నెలలు.

జవాబు: గడ్డం మీద ముతక వెంట్రుకలు, గొంతు బొంగురు హఠాత్తుగా వస్తే మాత్రం వెంటనే టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) పరీక్ష.