అండర్ 18 జట్టు వరుసగా ఓడిపోతోంది: మార్చాల్సింది కోచ్‌నా, డిఫెన్స్‌నా?

ఫార్వర్డ్ వాళ్ల నాన్న, సికింద్రాబాద్:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి సికింద్రాబాద్ వైపు ఒక క్లబ్బుకు అండర్ 18 బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతున్నాడు. ఈ సీజన్‌లో తొమ్మిది మ్యాచులు ఆడితే ఏడు ఓడిపోయాం. వాటిలో నాలుగింట సగం ఆట ముగిసేసరికి మేమే ముందున్నాం, మూడో క్వార్టర్‌లో చేజార్చుకున్నాం. పదహారేళ్ల పాయింట్ గార్డ్ (బంతి నడిపించేవాడు) ఒకడు, ఆరడుగుల మూడంగుళాల మావాడు ఒకడు, ఇద్దరూ వయసుకు మించి ఆడతారని చూసినవాళ్లందరూ అంటారు. జట్టు పాయింట్లలో సగానికి పైగా వాళ్లవే. అయినా అవతలివాళ్లు మాకంటే ఎక్కువ వేస్తూనే ఉన్నారు. కోచ్ గారు మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనుక ముగ్గురు నిలబడి, మనిషిని కాకుండా ఎవరి చోటును వాళ్లు కాసే డిఫెన్స్) తప్ప మరొకటి ఆడించరు. మూలల నుంచి త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) పడుతుంటాయి, ఆయన గీత పక్కన నిలబడి "చేతులెత్తండి" అని అరుస్తుంటారు. ఆయన్ను మార్చమని కొందరు తల్లిదండ్రులు క్లబ్బుకు ఉత్తరం రాసి, ఆదివారం సంతకం కోసం నా దగ్గరకు తెచ్చారు. నేనింకా పెట్టలేదు. ఈ ఆట నేనెప్పుడూ ఆడినవాణ్ణి కాను, అందుకే తప్పు ఆయన పద్ధతిలో ఉందో పిల్లల్లో ఉందో తేల్చుకోలేకపోతున్నాను. తెలిసినవారు చెప్పగలరా?

పాత పివట్, నారాయణగూడ:

జోన్ ఆడించడమే తప్పని అనుకోకండి. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో డిఫెండర్ ఎవరినీ కాయకుండా పెయింట్‌లో (బుట్ట ముందున్న గడిలో) మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. మన దగ్గర ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాలతో, అందులో ఆ నిబంధన లేదు. కాబట్టి మీవాడంత పొడగరి ఉన్న కోచ్ అతణ్ణి బుట్ట కింద నిలిపి జోన్ వేయడంలో అర్థముంది. అసలు లోపం ఎక్కడుందంటే, బంతి వింగ్ (కోర్టు పక్క భాగం) నుంచి మూలకు వెళ్లేటప్పుడు వెనుక వరుసలోని కుర్రాడు పాస్ చేతిలోంచి వదలగానే కదలాలి, అది అవతలివాడి చేతికి చేరాక కదిలితే ఎంత పైకి చేతులెత్తినా లాభం లేదు. రెండోది రీబౌండ్, అంటే తప్పిన షాట్ బంతిని పట్టుకోవడం. మ్యాన్ టు మ్యాన్‌లో ఎవరి మనిషిని వాళ్లు వీపుతో ఆపి బాక్స్ అవుట్ చేస్తారు. జోన్‌లో ఫలానావాడు నీ మనిషి అని ముందే ఉండదు గనుక, షాట్ లేచిన క్షణంలో దగ్గరున్నవాణ్ణి వెతికి పట్టుకోవడం విడిగా నేర్పాలి. నేర్పకపోతే అందరూ తలలెత్తి బంతినే చూస్తూ నిలబడతారు. మ్యాచ్ వీడియోలేమైనా ఉంటే, ఏ జట్టు షాట్ తప్పినా, మీదైనా సరే, ఆ తరువాతి మూడు సెకన్లలో ఐదుగురూ ఏం చేస్తున్నారో చూడండి. బంతి జోలికి పోకండి, మనుషులనే చూడండి.

పొద్దున్నే ఎన్‌బీఏ, కూకట్‌పల్లి:

నేను చాలా ఏళ్లుగా ఎన్‌బీఏ జట్టు డెట్రాయిట్ పిస్టన్స్ అభిమానిని, ఈ బాధ నాకు బాగా తెలుసు. 2023-24లో వాళ్లు వరుసగా 28 మ్యాచులు ఓడి, చివరకు 14 గెలుపులు, 68 ఓటములతో ముగించారు. అప్పటి కోచ్ మాంటీ విలియమ్స్ సామాన్యుడేమీ కాదు, 2022లో ఉత్తమ కోచ్‌గా ఎంపికైనవాడు, ఆరేళ్లకు దాదాపు 7.85 కోట్ల డాలర్ల ఒప్పందంతో వచ్చినవాడు. అయినా జేడెన్ ఐవీ లాంటి కుర్రాణ్ణి సీజన్ మొదట్లో బెంచి మీద ఉంచి, కిలియన్ హేస్‌తో ఆట మొదలుపెట్టించడం మాలాంటి అభిమానులకు ఈనాటికీ మింగుడుపడదు. ఏడాదికే ఆయన్ను పంపించేశారు. తరువాత వచ్చిన జె.బి. బికర్‌స్టాఫ్ ముందు డిఫెన్స్‌నే పట్టుకున్నాడు. అవతలి జట్టులో బాగా పాయింట్లు చేసేవాణ్ణి కాసే పని ఆసార్ థాంప్సన్‌కు అప్పగించాడు. 2024-25లో అదే జట్టు 44 గెలిచింది, ప్లేఆఫ్స్‌కు కూడా వెళ్లింది. అయితే ఇదంతా కోచ్ మార్పు మహిమే అంటే అబద్ధమవుతుంది, ఎందుకంటే ఆ వేసవిలోనే టోబియాస్ హారిస్, మాలిక్ బీస్లీ వంటి అనుభవజ్ఞులు వచ్చి జట్టు ప్రధాన ఆటగాడు కేడ్ కనింగ్‌హామ్ మీద భారం తగ్గించారు. ఇక 2023-24లో శాన్ ఆంటోనియో స్పర్స్ సంగతి చూడండి: ఐదు టైటిళ్లు గెలిపించిన పోపోవిచ్ అప్పుడు కోచ్‌గా ఉన్నాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ బ్లాకులు చేసిన (షాట్లను గాల్లోనే అడ్డుకున్న) వెంబన్యామా ఆ ఏడే జట్టులోకి వచ్చాడు, అయినా అంతకుముందు సీజన్‌లాగే 22 గెలుపుల దగ్గరే ఆగిపోయారు. ఒక్క పొడగరి బుట్టను కాయగలడే గాని, మిగతా నలుగురి పని చేయలేడు.

సాయంత్రం కోర్టు, మల్కాజిగిరి:

నేను ఆడపిల్లల జట్టుకు కోచింగ్ ఇస్తున్నాను. పై ఇద్దరూ చెప్పింది సరైనదే, కానీ మన ఊరి కష్టం వేరు. ఇంటర్‌కు వచ్చిన పిల్లలకు పొద్దున కాలేజీ, సాయంత్రం స్టడీ అవర్స్. నా పన్నెండు మందీ ఒకేసారి కోర్టు మీద కనిపించే రోజు వారానికి ఒకటి దొరికితే గొప్ప. డిఫెన్స్ ఐదుగురు కలిసి నేర్చుకోవలసిన విద్య. షూటింగైతే ఒక్కరే చేసుకోవచ్చు, అందుకే మన పిల్లలకు షూటింగ్ వస్తుంది, డిఫెన్స్ రాదు. మీ కోచ్ గారు జోన్‌నే పట్టుకుని ఉండటానికి ఇదొక కారణం కావచ్చు. అలాగని ఆయన్ను పూర్తిగా సమర్థించను. నలుగురు దొరికినా షెల్ డ్రిల్ చేయించవచ్చు: నలుగురు ఆర్క్ (మూడు పాయింట్ల గీత) చుట్టూ నిలబడి బంతి తిప్పుతుంటే, డిఫెండర్లు నలుగురు ప్రతి పాస్‌కూ బంతి వైపు ఎంత జరగాలో, అవతలి పక్క మనిషిని ఎంత వదలాలో నేర్చుకుంటారు. అవతల నిలబడటానికి పెద్దవాళ్లయినా చాలు. పది నిమిషాలు చేస్తే కాళ్లు లాగేస్తాయి, పిల్లలకు నచ్చదు, అయినా దానికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. మీకొక ప్రశ్న, ఏమీ అనుకోకండి. మీ అబ్బాయి వెనక్కి పరుగెత్తనప్పుడు ఆయన ఎప్పుడైనా బయట కూర్చోబెట్టారా?

ఫార్వర్డ్ వాళ్ల నాన్న, సికింద్రాబాద్:

మేడం గారూ, మీ ప్రశ్న చదివాక నిన్న రాత్రి రెండు మ్యాచుల వీడియోలు పివట్ గారు చెప్పిన పద్ధతిలో చూశాను. మావాడి షాట్ తప్పిన ప్రతిసారీ వాడు ముందు తన అరచేతుల వైపు చూసుకుంటాడు, తరువాత రిఫరీ వైపు తిరుగుతాడు, ఆ పైన నాలుగడుగులు నడుస్తాడు. అప్పటికి అవతలివాళ్లు మా బుట్ట దగ్గరుంటారు. మూడో క్వార్టర్‌లో పడిన పాయింట్లలో ఎక్కువ భాగం మూలల నుంచి వచ్చినవి కావు, ఇలా వచ్చినవే.

కూర్చోబెట్టారా అని అడిగారు. ఒకసారి కూర్చోబెట్టారు, సీజన్ రెండో మ్యాచ్‌లో, దాదాపు ఒక క్వార్టర్ సేపు. ఆ రాత్రి నేనే ఆయనకు ఫోన్ చేసి, మావాణ్ణి ఎందుకు తీశారని గట్టిగా అడిగాను. ఆయన సరే సార్ అన్నారు. ఆ తరువాత మళ్లీ తీయలేదు. మిగిలిన పిల్లలు అది చూశారు, పాయింట్ గార్డ్ కూడా అలాగే నడవడం మొదలుపెట్టాడు.

ఉత్తరం తిరిగి ఇచ్చేశాను. రేపు ఐదున్నరకు ప్రాక్టీసుకు మావాడితో పాటు నేనూ వెళ్లి, వాడు వెనక్కి రాకపోతే తీసేయండి, నేను ఫోన్ చేయను అని ఆయనతో వాడి ఎదుటే చెబుతాను. షెల్ డ్రిల్‌కు మనుషులు తక్కువైతే ఆర్క్ దగ్గర నిలబడి పాసులివ్వడానికి నేనున్నానని కూడా చెబుతాను.