బ్లాక్ రాడ్ తలుపు తట్టేటప్పుడు కర్ర ఏ కొస వాడతారు?

మాక్ పార్లమెంటులో బ్రిటన్ స్టేట్ ఓపెనింగ్ (రాజు పార్లమెంటు సమావేశాలు ప్రారంభించే వేడుక) ఘట్టం వేయించాలి, తెలిసినవారు చెప్పండి. రాజు ఎగువ సభ లార్డ్స్‌లో ఉండగా, ఆ సభ అధికారి అయిన బ్లాక్ రాడ్ దిగువ సభ కామన్స్ సభ్యులను పిలవడానికి వెళ్తారు. ముఖం మీదే తలుపు వేసేస్తారు. 1642లో మొదటి చార్లెస్ ఐదుగురు సభ్యులను అరెస్టు చేయడానికి సాయుధులతో వచ్చిన సంగతిని అది గుర్తుచేస్తుంది. నల్ల కర్రతో మూడుసార్లు కొట్టాకే తలుపు తీస్తారు.

ఆ కర్ర నల్లచేవ, పైన బంగారు సింహం. కొట్టేది సింహం ఉన్న కొసతోనా, కింది కొసతోనా? ఇదే నా మొదటి సందేహం. వీడియోల్లో చెయ్యి అడ్డొస్తోంది.

రెండోది, తలుపు ఎప్పుడు మూయాలి? ముందే మూస్తే మామూలుగా మూసి ఉన్న తలుపులా కనిపిస్తుంది, అవమానం పండదు. రెండడుగుల దూరంలో మూస్తే సరిపోతుందా? దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక సెకను ఆగాలి, లేకపోతే మూడూ కలిసిపోయి ప్రేక్షకులకు లెక్క అందదు.

గదాధారి సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ వేరే అధికారి, ఆయన కామన్స్ మనిషి. ఇద్దరినీ కలిపేయకండి. 2018లో సారా క్లార్క్ అనే మహిళ బ్లాక్ రాడ్ అయినప్పుడు ఆమె పదవి పేరు 'లేడీ అషర్' అయింది కాబట్టి ఆ పాత్ర అమ్మాయికి ఇస్తే ఇబ్బందేం లేదు. తెలుగులో ఏమని పిలిపించాలి? 'నల్లబెత్తం దొర' అంటే నవ్వుతారేమోనండీ.