మోకాలి మార్పిడి తర్వాత డ్రెయిన్‌లో చేరిన సొంత రక్తం: కడగకుండా తిరిగి ఎక్కించడం సురక్షితమేనా?

ఎముకలవార్డు:
గాయంలోంచి డ్రెయిన్ సంచిలోకి దిగిన రక్తాన్ని వడపోసి రోగికే ఎక్కించే పద్ధతి గురించి అడుగుతున్నాను. ఆపరేషన్ జరుగుతుండగా సెల్ సేవర్ అనే యంత్రంలో కడిగేది వేరే సంగతి. నా మట్టుకు నియమాలు పాటిస్తే ఇది సురక్షితమే. దాత రక్తంతో వచ్చే హెచ్‌ఐవీ, హెపటైటిస్ భయం లేదు, కొత్త యాంటీబాడీలు పుట్టవు. సంచి రోగి మంచం వదిలి కదలనంత వరకు గ్రూపు తారుమారయ్యే అవకాశమూ లేదు. కాదనేవాళ్ళు చెప్పండి.

రక్తనిధి:
"తన రక్తమే కదా" అనడంలోనే చిక్కు ఉందండి. నరంలోంచి తీసిన రక్తం వేరు, కోసిన ఎముక మీదుగా కారిన రక్తం వేరు. అందులో చితికిన ఎర్రకణాల హిమోగ్లోబిన్, మూలుగ కొవ్వు, ఎముక పొడి, కృత్రిమ కీలును అతికించే సిమెంటులోని మోనోమర్ రసాయనం, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు రసాయనాలు ఉంటాయి. రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ గాయంలోనే ఖర్చయిపోతుంది, అందుకే సంచిలో రక్తం పెద్దగా గడ్డకట్టదు. దాన్ని చూసి "బాగుంది" అనుకోవడం పొరపాటు. 40 మైక్రాన్ల ఫిల్టర్ గడ్డల్ని, తునకల్ని ఆపుతుంది గానీ, ప్లాస్మాలో కరిగి ఉన్నదాన్ని ఆపలేదు. ఎక్కించాక వణుకు, జ్వరం వస్తే ముందు అనుమానించాల్సింది వీటినే. క్రిములు చేరాయేమో కూడా చూడాలి.

ఎముకలవార్డు:
ఒప్పుకుంటాను. కానీ పరిమాణం తక్కువైతే శరీరం సర్దుకుంటుంది. విడి హిమోగ్లోబిన్‌ను రక్తంలోని హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. అది చాలనప్పుడే మూత్రం ఎర్రబడుతుంది. చాలా తేడాలు పని జరిగే తీరులోనే వస్తాయి:

గడియారం డ్రెయిన్ తెరిచిన క్షణం నుంచి నడుస్తుంది, సంచి నిండినప్పటి నుంచి కాదు. 6 గంటలు దాటితే పారబోయడమే. ఆ సమయాన్ని, పేరును సంచి మీదే రాయాలి. మొత్తం 1 లీటరు దాటనివ్వకూడదు, దాటితే రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతింటుంది. సక్షన్ తక్కువగా ఉండాలి, గట్టిగా లాగితే కణాలు పగులుతాయి. సంచికి ప్రెజర్ బ్యాగ్ కట్టొద్దు, అందులోని గాలి నరంలోకి పోతుంది. కొవ్వు పైకి తేలుతుంది కాబట్టి చివరి కొంత రక్తాన్ని సంచిలోనే వదిలేయాలి.

ఇన్‌ఫెక్షన్ ఉన్న కీలుకు, ఆ చోట క్యాన్సర్ ఉన్నవాళ్ళకు ఇది వద్దు. గాయాన్ని పోవిడోన్ అయోడిన్‌తోనో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో కడిగి, సెలైన్‌తో మళ్ళీ శుభ్రం చేయకుండా సేకరణ మొదలుపెట్టకూడదు. నర్సుకు అప్పగించేటప్పుడు తరచూ జారిపోయే ముక్క ఇదే.

మత్తుబల్ల:
ఇద్దరూ సురక్షితమా కాదా అనే దగ్గరే ఆగిపోయారు. ఎక్కించేది ఎంతో లెక్క వేయండి. 600 మి.లీ. చేరిందనుకుందాం, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 25 శాతం. అంటే ఎర్రకణాలు 150 మి.లీ. బ్లడ్ బ్యాంకు ప్యాక్డ్ సెల్స్ (దాత రక్తంలోంచి వేరుచేసిన ఎర్రకణాలు) ఒక యూనిట్ 280 మి.లీ., హెమటోక్రిట్ 60 శాతం అనుకుంటే ఎర్రకణాలు 168 మి.లీ. ఇంత హడావిడి చేసి వచ్చేది ఒక యూనిట్ కన్నా తక్కువ.

ఇప్పుడు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము నరానికి ఇచ్చామనుకోండి. డ్రెయిన్‌లో 200 మి.లీ. మాత్రమే దిగితే ఎర్రకణాలు 50 మి.లీ. దానికోసం ప్రత్యేక సంచి, గొట్టాలు, 6 గంటల కాపలా! కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు, మూర్ఛలున్నవాళ్ళకు ఆ మందు డోసు ఆలోచించాలి, నిజమే. మిగిలినవాళ్ళకు అదే ముందు. బ్రిటన్ నైస్ సంస్థ 2015 మార్గదర్శకం కూడా ట్రానెక్సామిక్ యాసిడ్ లేకుండా సెల్ సాల్వేజ్‌ను (ఇలా సొంత రక్తం సేకరించి తిరిగి ఎక్కించడాన్ని) మామూలుగా వాడొద్దనే చెప్పింది.

రక్తనిధి:
అంతకన్నా ముందుది ఇంకొకటుంది. హిమోగ్లోబిన్ 10 ఉన్న మనిషిని అలాగే టేబుల్ ఎక్కించి, తర్వాత డ్రెయిన్ మీద ఆశ పెట్టుకోవడం ఏం పద్ధతి? ఐరన్ లోపం కొన్ని వారాల ముందే కనిపెట్టి సరిచేయవచ్చు.

ఎముకలవార్డు:
మామూలు మోకాలికి మీ లెక్క కాదనలేను. తుంటి రివిజన్ (పెట్టిన కృత్రిమ కీలును మళ్ళీ మార్చే ఆపరేషన్) మాట వేరు, అక్కడ నష్టం లీటర్లలో ఉండొచ్చు. పరాయి రక్తం వద్దనేవాళ్ళూ ఉంటారు.

మత్తుబల్ల:
అక్కడ సెల్ సేవరే పెట్టండి. సెంట్రిఫ్యూజ్‌లో సెలైన్‌తో కడిగితే ప్లాస్మా చెత్తలో ఎక్కువ భాగం పోయి, 50 శాతం పైన హెమటోక్రిట్‌తో ఎర్రకణాలు చేతికొస్తాయి. సిమెంటు పోసే కాసేపు మాత్రం ఆ సక్షన్ పక్కన పెట్టి మామూలు సక్షన్ వాడాలి.