ఒక రాజనీతి శాస్త్రవేత్త సైటేషన్ల లెక్క ఒక్కోచోట ఒక్కో విధంగా వస్తోంది, ఏది తీసుకోవాలి?

పరిశోధక విద్యార్థిని: అందరికీ నమస్కారం. ఒక రాజనీతి శాస్త్రవేత్త ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంతో తేల్చి మా గైడు గారికి ఇవ్వవలసి ఉన్నది. మధ్యాహ్నం నుంచి దీని మీదే కూర్చున్నాను. గూగుల్ స్కాలర్ చూపే సైటేషన్ల సంఖ్యలో, అంటే ఇతరులు తమ రచనల్లో ఆయనను పేర్కొన్న సార్ల లెక్కలో, చిన్న భాగం కూడా స్కోపస్ అనే పరిశోధనా డేటాబేస్‌లో కనిపించడం లేదు. ఆయనకు పేరు తెచ్చిన పుస్తకమైతే స్కోపస్ జాబితాలోనే లేదు. ఏది సరైన లెక్కో దయచేసి ఎవరైనా చెప్పగలరా?

సూటిమాట: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికకు ఉంటుంది, మనిషికి ఉండదు. ఎవరా శాస్త్రవేత్త?

విశ్రాంత ఆచార్యుడు: పై మిత్రులు సరిగా చెప్పారు. ఒక పత్రిక గత రెండేళ్లలో ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఆ అంకెతో వ్యక్తులను తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పరిశోధనల మూల్యాంకనంపై రూపుదిద్దుకున్న డోరా ప్రకటన స్పష్టంగానే చెప్పింది. అయినా మన విశ్వవిద్యాలయాల్లో నియామకాల నుంచి పదోన్నతుల దాకా అంకె అడగని కమిటీని నేను చూడలేదు. చదివి అంచనా వేసే ఓపిక లేనివారే అంకెలు అడుగుతారని నా అభిప్రాయం.

పరిశోధక విద్యార్థిని: అయ్యా, నేను పదోన్నతి కోసం అడగడం లేదు. పేరు ఎవరిదైనా పద్ధతి ఒకటే కదా అని రాయలేదు. రజనీ కొఠారి గురించి.

గ్రంథాలయ సేవకుడు: పద్ధతి ఒకటి కాదమ్మా, పేరు ముందే చెప్పవలసింది. కొఠారి గారి ప్రభావమంతా 1970లో వచ్చిన ‘పాలిటిక్స్ ఇన్ ఇండియా’ వంటి పుస్తకాల్లోనూ, 1964లో ‘ఏషియన్ సర్వే’లో కాంగ్రెస్ వ్యవస్థ (ఒకే పార్టీ ఆధిపత్యం కింద సాగే పోటీ రాజకీయాలు) గురించి రాసిన వ్యాసంలోనూ ఉన్నది. స్కోపస్ ప్రధానంగా పత్రికల ఆధారంగా నిర్మించినది కాబట్టి పాత పుస్తకాలు అందులో రచనలుగా కనిపించవు, ఇతరుల వ్యాసాల చివర ఉండే ఆధారాల పట్టికల్లో మాత్రమే కనిపిస్తాయి. ఫలితాల పేజీలో ‘సెకండరీ డాక్యుమెంట్స్’ అనే విభాగం తెరిచి చూడండి. వెబ్ ఆఫ్ సైన్స్ అనే మరో డేటాబేస్ అందుబాటులో ఉంటే అందులో ‘సైటెడ్ రిఫరెన్స్ సెర్చ్’ ఇదే పని ఇంకా బాగా చేస్తుంది. ఢిల్లీ ముద్రణ, బోస్టన్ ముద్రణ, పేరులో అక్షర దోషాలు, ఇలా ఒకే పుస్తకం పలు రూపాల్లో వస్తుంది, వాటన్నిటినీ కలపాలి.

గూగుల్ స్కాలర్‌లో ప్రొఫైలు రచయిత స్వయంగా తెరుచుకోవలసినది కనుక 2015లో కాలం చేసిన ఆయన విషయంలో దాని మీద ఆధారపడకండి. హార్జింగ్ గారి ‘పబ్లిష్ ఆర్ పెరిష్’ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో వెతికి అనవసరమైనవి తీసివేయవచ్చు. ముఖ్యంగా ఒకటి చూసుకోండి: ఇంటిపేరుతో వెతికితే పరిశోధనా పద్ధతుల మీద సి. ఆర్. కొఠారి రాసిన పాఠ్యపుస్తకం కూడా వచ్చి పడుతుంది. మన దేశంలో ప్రతి రెండో సిద్ధాంత గ్రంథం దాన్ని పేర్కొంటుంది!

లెక్కల మాస్టారు: ఇంత శ్రమ దేనికి? ఎన్ని రచనలకు కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో చెప్పే హెచ్-ఇండెక్స్ తీస్తే సరిపోతుంది.

గ్రంథాలయ సేవకుడు: సరిపోదండీ. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఆ కొలత వ్యాసాలు విరివిగా రాసే రంగాలకు నప్పుతుంది. ఒక పుస్తకానికి అయిదు వేల సైటేషన్లు వచ్చినా, యాభై వచ్చినా అక్కడ ఒకటిగానే లెక్కకు వస్తుంది.

లెక్కల మాస్టారు: అందుకే 2006లో ఎగ్గే, ఎక్కువ సైటేషన్లు వచ్చిన రచనలకు ఎక్కువ విలువ ఇచ్చే జి-ఇండెక్స్ తెచ్చారు. అంకెలను తప్పు పట్టకండి, సరైన అంకె ఎంచుకోండి.

విశ్రాంత ఆచార్యుడు: ఏ అంకెకూ చిక్కనిది ఒకటున్నది. ‘కాంగ్రెస్ వ్యవస్థ’ అన్న భావన ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, దాన్ని వాడేవారిలో చాలామంది కొఠారిని పేర్కొనడం మానేశారు. మన తెలుగు పత్రికల్లో రాజకీయ విశ్లేషణలు రాసేవారి పాదసూచికలు కూడా ఏ డేటాబేస్‌కూ చేరవు. ప్రభావం పెరిగిన కొద్దీ సైటేషన్ తగ్గే ఈ స్థితిని సామాజిక శాస్త్రవేత్త మెర్టన్ ఎప్పుడో గుర్తించాడు.

సూటిమాట: ఆమె అడిగింది స్కోపస్ గురించి.

పరిశోధక విద్యార్థిని: పుస్తకం సెకండరీ డాక్యుమెంట్స్‌లో కనిపించింది, రకరకాల రూపాల్లో ఉన్నది. ఆ పద్ధతుల పుస్తకాన్ని తీసివేస్తే స్కాలర్ సంఖ్య బాగా దిగింది. ధన్యవాదాలు.

గ్రంథాలయ సేవకుడు: మంచిది. ఆయన సంపాదకత్వం వహించిన ‘కాస్ట్ ఇన్ ఇండియన్ పాలిటిక్స్’ సంగతి ఏమి చేశారు? అందులో ఇతరులు రాసిన అధ్యాయాలకు వచ్చిన సైటేషన్లను కూడా ఆయన ఖాతాలోనే వేశారా, విడిగా ఉంచారా?