హిందీ జహ్రా పాటల్లో మొరాకో ఎంత?

రాత్రిరేడియో:
పేరు చూసి బాలీవుడ్ అనుకోకండి. ఈ గాయని 1979లో మొరాకోలోని ఖురిబ్గాలో పుట్టారు, టీనేజ్‌లో పారిస్ వచ్చేశారు. అసలు పేరు జహ్రా హిందీ, తిరగేసి పెట్టుకున్నారు. అరబ్, వెస్టర్న్ సంగీతాలు కలిపి పాటలు కడతారని చెబితే 2010లో వచ్చిన తొలి ఆల్బమ్ 'హ్యాండ్‌మేడ్' మొత్తం విన్నాను. చాలావరకు ఇంగ్లీషు పాటలే! మొరాకో ఎక్కడుందండీ?

తంబురాతీగ:
అందులో 'ఇమిక్ సి మిక్' పాట దాటేశారా ఏంటి? అది ఇంగ్లీషూ కాదు, అరబ్బీ కూడా కాదు. అమాజిగ్‌ల భాష, అంటే బయటివాళ్లు బెర్బర్లు అనే వాళ్లది. 'కొంచెం కొంచెంగా' అని అర్థం. ఆ భాషకు అధికార హోదా 2011 రాజ్యాంగంతో గానీ రాలేదు. అలాంటిది అంతటినీ 'అరబ్' ఖాతాలో వేసేస్తే వాళ్లకు ఒళ్లు మండదా?

రాత్రిరేడియో:
'అరబ్' మాట వెనక్కి తీసుకుంటున్నా. అయినా ఒక్క పాటతో ఆల్బమ్ అంతా మొరాకోది అయిపోదు కదా. 'బ్యూటిఫుల్ టాంగో' పెట్టుకోండి, పారిస్‌లో ఏదో జాజ్ క్లబ్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. అమెరికాలో మా మేనల్లుడు గిటార్ పట్టుకుని ఇంగ్లీషులో పాడతాడు. దాన్ని తెలుగు సంగీతం అంటామా?

పాతక్యాసెట్:
అనం. కానీ ఫ్రాన్స్ వాళ్లు అన్నారు! 2011లో విక్తువార్ అనే ఫ్రెంచ్ సంగీత అవార్డుల్లో ఈ ఆల్బమ్‌కి బహుమతి ఇచ్చింది 'ప్రపంచ సంగీతం' విభాగంలో. 2016లో ఆవిడ రెండో ఆల్బమ్ 'హోమ్‌ల్యాండ్'కీ అదే విభాగం. ఇవే ఇంగ్లీషు పాటలు ఫ్రెంచ్ పేరున్న అమ్మాయి పాడితే పాప్‌లోనో రాక్‌లోనో వేసేవారు. పాట వినకముందే పేరు చూసి అర కేటాయించేశారని నా అనుమానం.

తంబురాతీగ:
పూర్తిగా అలా కాదులెండి. 2010లో ప్రి కాన్‌స్టాంటిన్ అనే ఫ్రెంచ్ సంగీత బహుమతి కూడా ఆవిడకే వచ్చింది. అది కొత్తగా పైకొచ్చే కళాకారులకిచ్చేది, ఏ దేశం పాట అన్న లెక్క లేదు. ఇక జాజ్ క్లబ్ అంటున్నారు కదా, పదం చివర ఆవిడ గొంతు సన్నగా వణికి జారుతుంది, అక్కడ ఒకసారి ఆగి వినండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మరీ.

రాత్రిరేడియో:
విన్నాను. బాగుంది. నాకైతే అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడేనే గుర్తొచ్చింది, ఏం చేయమంటారు?